నేను నడవని సగం దారి

మా ఆడపడుచు ఈ ఆఫీసులో చేరిన నెలలోపే నేను అందరికీ వదిననైపోయాను. అంతకు ముందు పదకొండేళ్లు నన్ను మేడమ్ అనేవాళ్లు. ఆమె కారిడార్ ఆ చివర నుంచి "వదినా, టీకి వస్తావా?" అని కేకేసేది. ముందు గేటు దగ్గర కాపలా మనిషి అందుకున్నాడు. తర్వాత ప్యూను. చివరికి నాకంటే పదేళ్లు పెద్దవాడైన స్టోర్స్ గుమాస్తా కూడా "వదినగారూ, మీ డబ్బాలొచ్చాయి" అనేశాడు. నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఇంట్లో సగమైతే సరిపెట్టుకోవచ్చు. నాకు మిగతా సగం ఆఫీసులో దొరికింది.

ఆమెను ఇక్కడికి తెచ్చింది నేనే. దరఖాస్తు నింపించింది నేనే. ఫైబర్ కొనను తడి లేని గుడ్డతో ఒకే వైపు తుడవాలనీ, వెనక్కీ ముందుకీ రుద్దితే గాజు మీద గీత పడుతుందనీ నేర్పింది కూడా నేనే. ఇప్పుడు కొత్తవాళ్లకు ఆ మాటే ఆమె చెబుతోంది. వాళ్లు పుస్తకాల్లో రాసుకుంటున్నారు.

మాది టెలిఫోన్ కంపెనీ. ఊళ్లో వాళ్లు మాట్లాడుకునే మాటలూ, చూసే వీడియోలూ, బ్యాంకుల, ఆసుపత్రుల కబుర్లూ అన్నీ వెంట్రుకంత గాజు పోగుల్లో వెలుగుగా మా భవనంలోకి వచ్చి, నది అవతల ఉన్న రెండో భవనానికి పోతాయి. అలా పోవడానికి రెండు కేబుళ్లున్నాయి. తూర్పుది కొత్త వంతెన మీదుగా, పడమటిది పాత వంతెన మీదుగా నది దాటుతాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది ఖాళీగా కూర్చునేది. మొదటిది తెగితే దీన్ని వాడుకోవాలని ఏర్పాటు.

వచ్చే ఏడాది ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలో లెక్కగట్టడం నా పని. ఎదిగే పిల్లవాడికి చొక్కా కుట్టే పని లాంటిది. కొలత తీసి, గుడ్డ తెచ్చి, కుట్టేలోపు చేతులు పొట్టివైపోతాయి. వాడకం ఏటా ఎంత పెరిగిందో చూపే పదకొండేళ్ల గీత నా గోడ మీద ఉంది. మూడేళ్ల కిందటే చెప్పాను, ఇంకో కేబుల్ వేయకపోతే నిండిపోతుందని. "చూద్దాం" అన్నారు. వాళ్లు చూస్తుండగానే మా ఆడపడుచు వచ్చి, ఆప్టికల్ స్విచ్ పెడదామంది. రెండు కేబుళ్లనూ రోజంతా వాడుకుందాం, ఒకటి తెగితే ఆసుపత్రులు, పోలీసులు, బ్యాంకులు లాంటి ముఖ్యమైనవాటిని స్విచ్ రెప్పపాటులో రెండో దానికి మళ్లిస్తుంది, వీడియోలు కాసేపు ఆగితే కొంప మునగదు అంది. కొత్తగా తవ్వే పని లేదు. ఉన్న బలం రెట్టింపు. పై వాళ్లు ఎగిరి గంతేశారు. నా గీతను ఆమె మొదటి పేజీలో వేసుకుంది, కింద నా పేరు కూడా రాసింది. ఎవరూ చదవనంత చిన్న అక్షరాల్లో.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాల దగ్గర మా నాన్న కూడా ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు ఇదే కంపెనీలో కేబుల్ జాయింటర్‌గా పనిచేశాడు. గోతిలో కూర్చుని తెగిన తీగలు కలపడం ఆయన పని. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేను. నేను ఇంజనీరునయ్యాక నాన్న నా పని గురించి ఏనాడూ అడగలేదు. "పెద్ద చదువు, నాకేం తెలుస్తుంది" అనేవాడు. నేనూ చెప్పలేదు.

"ఏమే, నీ పెట్టె ఏం చేస్తుందో ఇంకోసారి చెప్పవే. పక్కింటావిడ అడుగుతోంది" అంది అత్తయ్య.

"పక్కింటావిడకు ముందు తన టీవీ ఆపడం నేర్పమ్మా" అంది ఆడపడుచు. తర్వాత చేతిలో ఉన్న చెంచాను అద్దంలా వంచి చూపిస్తూ చెప్పింది. "ఇప్పటిదాకా వెలుగు రాగానే ఆపి, దాన్ని కరెంటుగా మార్చి, ఎటు పోవాలో చూసి, మళ్లీ వెలుగుగా మార్చి పంపేవాళ్లం. కూడలి కూడలికీ లారీలోంచి బస్తాలు దించి ఇంకో లారీకి ఎక్కించినట్టు. ఇందులో గోరంత కూడా ఉండని అద్దాలుంటాయి. అవి ఇలా కాస్త ఒరిగితే చాలు, వెలుగు వెలుగుగానే పక్కకు మళ్లిపోతుంది. దించుడూ లేదు, ఎక్కించుడూ లేదు."

"మా చెల్లి దీపాలకు దారి చూపిస్తుంది" అన్నాడు మా ఆయన, తానే ఆ అద్దాలు చెక్కినట్టు.

"మరి వదిన ఏం చేస్తుంది?" అంది అత్తయ్య.

"వదిన లెక్కలు చూస్తుంది" అంది ఆడపడుచు.

చెడ్డగా అనలేదు. ఉన్న మాటే. నా పదకొండేళ్లూ ఆ రెండు ముక్కల్లో ఇమిడిపోయాయి, అంతే. అప్పుడు నాన్న చేయి కడుక్కోకుండానే ముందుకు వంగి, "అమ్మాయ్, ఆ అద్దం మీద దుమ్ము పడితే ఎట్లా మరి?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన ఇంకోటి అడిగాడు. అరగంట అడిగాడు. నేను గిన్నెలు తీసి లోపల పెట్టాను, మెల్లగా పెట్టవలసిన వాటిని కూడా గట్టిగా పెట్టాను. కడుపు మండితే చెయ్యి ఊరుకోదు.

సోమవారం మా బాసు నన్ను పిలిచాడు. ఆయన ఎవరితో మాట్లాడుతున్నా గోడ గడియారం వంకే చూస్తాడు, అందుకని అందరూ గడియారం సారు అంటారు. "వదినా… సారీ, మేడమ్. ఈ స్విచ్ ఫైలు ఒకసారి తప్పులేరి పెట్టండి. వచ్చే సోమవారం హెడ్డాఫీసు నుంచి పెద్దాయన వస్తున్నాడు. ఆయన ఒప్పుకుంటే ఆ మర్నాడే రెండు కేబుళ్ల మీదా లోడు ఎక్కిస్తాం."

తప్పులేరమన్నాడు కదా. అంత శ్రద్ధగా నేను పరీక్షకు కూడా చదవలేదు. మూడు రోజులు ఆ ఫైలు పట్టుకుని కూర్చున్నాను. ప్రతి పేజీ తిప్పేముందు ఇందులో ఏదో ఒకటి ఉండాలి, ఉండకపోతే ఎలా, అనుకునేదాన్ని. లేదు. లెక్కలు సరిపోయాయి. బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి. నేను నేర్పిన పద్ధతిలోనే ఉన్నాయి, అది ఇంకా మంట.

గురువారం మిగిలింది ఒక్కటే, కేబుళ్ల పొడవు. పడమటి కేబుల్ ఇరవై మూడు కిలోమీటర్లని పటంలో ఉంది, ఆమె అదే రాసింది. కేబుల్‌లోకి వెలుగు పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం చెప్పే పెట్టె ఒకటి మా దగ్గర ఉంది. ఏటా దాన్ని తగిలిస్తాం, కానీ వెలుగు ఎంత తగ్గుతోందన్నదే చూస్తాం, పొడవు ఎవరూ చూడరు. పొడవు పెరగడానికి అదేమైనా పొట్లపాదా? ఆ రోజు నేను చూశాను. ఇరవై ఐదున్నర.

సాయంత్రం తిన్నగా నాన్న ఇంటికి వెళ్లాను. పాత వంతెన దగ్గర కేబుల్‌కి ఎప్పుడైనా ఏదైనా చేశారా అని అడిగాను. ఆయన మొహం వెలిగింది. నేను ఆయన్ని పని గురించి ఏదైనా అడగడం అదే మొదలు.

"అదా! నేను రిటైరయ్యే ముందు పాత వంతెన పగుళ్లిచ్చింది గదమ్మా. రిపేరు చేసేవాళ్లు అడ్డొస్తుంది తియ్యమన్నారు. పడమటిది తీసి, ఒడ్డు వెంబడే తెచ్చి, కొత్త వంతెన మీద తూర్పుదాని గొట్టంలోనే దూర్చాం. నా చేత్తోనే జాయింటు వేశా. పది రోజుల్లో వెనక్కి మారుద్దామన్నాడు సూపర్‌వైజరు."

"మార్చారా?"

"నేనున్నన్నాళ్లూ మార్చలేదు. ఆనక మార్చుంటార్లే. నీకు తెలీదా?"

"నువ్వు చెప్పలేదుగా నాన్నా."

"నువ్వడగలేదు గదమ్మా."

మార్చలేదు. మార్చి ఉంటే పెట్టె ఇరవై మూడే చూపేది. నాన్న రిటైరైన ఈ ఐదేళ్లుగా రెండు కేబుళ్లూ కొత్త వంతెన మీద ఒకే గొట్టంలో ఒకదాని ఒళ్లో ఒకటి పడుకుని ఉన్నాయి. అక్కడ ఒక తవ్వే యంత్రం తగిలితే రెండూ ఒకేసారి తెగుతాయి. స్విచ్ మళ్లిద్దామన్నా మళ్లించడానికి దారి ఉండదు. ఇప్పుడైతే రెండింటి మీదా ఊరంతటి లోడు ఎక్కించబోతున్నారు.

దారిలో నాకు భయం వేయాలి. వేయలేదు. సంతోషం వేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అందరి ముందూ ఏ మాట ముందు అనాలో, ఏది తర్వాత అనాలో పేర్చుకున్నాను. "చాలా బాగుంది, కానీ ఒక చిన్న సందేహం" అని మొదలుపెట్టాలి. గొంతు మెత్తగా ఉండాలి.

శనివారం ఆమే వచ్చి నా మంచం అంచున కూర్చుంది. "వదినా, ఫైల్లో తప్పులేమన్నా ఉన్నాయా? ఉంటే ఇప్పుడే తిట్టెయ్. సోమవారం ఆ పెద్దాయన ముందు మాత్రం వద్దు. ఆయన మీసాలు చూస్తేనే నాకు కాళ్లు వణుకుతాయి."

"రెండు చోట్ల కామాలు తప్పాయి" అన్నాను.

"అంతేనా? దేవతవి వదినా నువ్వు" అని నా భుజం గిల్లి పోయింది.

సోమవారం పదిన్నరకు మీటింగు గదిలో ఐదుగురం కూర్చున్నాం. హెడ్డాఫీసు పెద్దాయన, గడియారం సారు, ఇంకో ఇద్దరు ఇంజనీర్లు, నేను. ఆడపడుచు తెర దగ్గర నిలబడి చెప్పింది. కాళ్లు వణకలేదు. నా గీత తెర మీద పడినప్పుడు, "ఇది మా వదిన పదకొండేళ్ల కష్టం. ఇది లేకపోతే ఈ స్విచ్ మనకెందుకో కూడా నాకు తెలిసేది కాదు" అంది. అందరూ నా వైపు చూశారు. నేను బల్ల మీద పెన్ను సరిచేసుకున్నాను. నీ పొగడ్త నాకెందుకు, ఇంకో పది నిమిషాల్లో చూద్దువుగాని అనుకున్నాను.

పెద్దాయన మీసం దువ్వుకుని, నేను అడగబోయేదే అడిగాడు. "అంతా బాగుంది. రెండు దారులూ నిజంగా వేరువేరే అని భరోసా ఏమిటి? పటాలు నేను నమ్మను. పటం గీసినవాడు ఏసీ గదిలో గీస్తాడు."

నేను నోరు తెరవబోయాను.

"నేనూ పటం నమ్మలేదు సార్" అంది ఆడపడుచు. బల్ల మీది లావుపాటి రిజిస్టరు తెరిచి ఆయన ముందుకు జరిపింది. "కేబుల్ దారి వెంబడి ఏటా ఒక ఇంజనీరు కాలినడకన వెళ్లి చూసి, సంతకం పెట్టాలి. పడమటి దారి మా వదినదే. ఎండల్లో నడిచి కందిపోయి వస్తుంది, మా అమ్మ తిడుతుంది కూడా. ఈ ఆఫీసులో ఏ కాగితమైనా తప్పచ్చు సార్, ఆవిడ సంతకం తప్పదు. నేను లెక్కంతా దాని మీదే కట్టాను."

రిజిస్టరులో నా దస్తూరీ. *కేబుల్ దారి ఆసాంతం నడిచి చూశాను. మార్పు లేదు.* కింద సంతకం. పై పేజీలో అదే. దాని పైన కూడా అదే.

నేను ప్రతి ఏడూ నడిచాను. పాత వంతెన ఇవతలి గట్టు దాకా నడిచాను. అక్కడి నుంచి అవతలిది నాన్న చూసుకునే భాగం. మొదటి ఏడాది ఆయన సైకిలు మీద ఎదురొచ్చి, "నా వైపు అంతా బాగుందమ్మా, ఎండలో నువ్వెందుకు" అన్నాడు. అన్నేళ్ల అనుభవం ఉన్న మనిషి పనిని నిన్నగాక మొన్న డిగ్రీ తెచ్చుకున్న కూతురు తనిఖీ చేయడం ఏం మర్యాద? అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. పటం ప్రకారం కేబుల్ ఆ వంతెన మీదుగా పోతుంది కాబట్టి పోతూనే ఉంటుందనుకున్నాను. తర్వాత నాన్న రిటైరయ్యాడు. నేను మాత్రం ఆ గట్టు దగ్గరే తిరగడం అలవాటు చేసుకున్నాను. వచ్చి, కిందటేడు రాసింది చూసి ఎక్కించేదాన్ని. ఆ సంతకం సంగతి ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమె తప్పు కోసం అన్ని పేజీలు వెతికాను కానీ, నా రిజిస్టరు తెరవలేదు. గురివింద గింజకు తన కింద నలుపు కనబడదని ఊరికే అనలేదు.

"ఈ సంతకం మీదేనా?" అన్నాడు పెద్దాయన.

"నాదే సార్."

"అయితే సరే" అని పెన్ను మూత తీశాడు.

అప్పుడు ఊరుకుంటే ఊరుకోవచ్చు. రేపు స్విచ్ గదిలో ఒక కేబుల్ కొన పీకి పరీక్ష చేస్తారు, స్విచ్ రెండో దారికి మళ్లిస్తుంది, చప్పట్లు కొడతారు. గొట్టం సంగతి ఎవరికీ తెలియదు. వంతెన మీద ఎవరో తవ్వే రోజు దాకా తెలియదు. ఆ రోజు కూడా నా మాట ఎవరూ అడగకపోవచ్చు. ఆమె నా వైపు చూసి నవ్వుతోంది. ఆ నవ్వులో అనుమానం లేదు. అదే భరించలేకపోయాను.

"సంతకం పెట్టకండి సార్" అన్నాను. "నేను అంతా నడవలేదు. పాత వంతెన దాకే నడిచాను. అవతల నడిచి చూసినట్టు రాశాను. పడమటి కేబుల్ పాత వంతెన మీద లేదు. ఐదేళ్లుగా కొత్త వంతెన మీద, తూర్పుదాని గొట్టంలోనే ఉంది."

గడియారం సారు మొదటిసారి గడియారం వదిలి నా మొహం చూశాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

"పెట్టె పెట్టి కొలిచాను. జాయింటు వేసింది మా నాన్న. అప్పటి సూపర్‌వైజరుకు తెలుసు. నేనడిగితే నాన్న నాకూ చెప్పేవాడు. నేను అడగలేదు."

ఆ తర్వాత జరిగిందంతా మామూలే. పెద్దాయన పెన్ను మూత పెట్టేశాడు. పడమటి కేబుల్ పాత వంతెన మీదికి తిరిగి చేరేదాకా లోడు ఎక్కించవద్దన్నాడు. నన్ను సంజాయిషీ రాసివ్వమన్నాడు. రిజిస్టరులో సంతకం చేసే అధికారం నా నుంచి తీసి, అక్కడే, ఆ బల్ల దగ్గరే, మా ఆడపడుచుకు ఇచ్చాడు.

మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది.

"ఎప్పుడు కొలిచావు?"

"గురువారం."

వేళ్లు మడిచింది. గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం. నాలుగో వేలు దగ్గర ఆగింది.

"శనివారం నీ మంచం మీద కూర్చుని అడిగాను."

"అవును."

"కామాలన్నావు."

"అవును."

"మీ నాన్నగారి మీదికి వస్తుందని భయపడ్డావా?"

ఆమె నాకొక దారి చూపిస్తోంది. పట్టుకుంటే బయటపడేదాన్ని. ఇంటికి వెళ్లాక మా ఆయనతో, అత్తయ్యతో కూడా అదే చెప్పుకోవచ్చు.

"లేదు. అప్పుడు నాన్న గుర్తుకే రాలేదు. నీ మీద కుళ్లు. అందరి ముందూ నువ్వు తెల్లబోతే చూడాలనుకున్నాను."

తిడుతుందనుకున్నాను. "నేను రిజిస్టరు తెరవకపోయుంటే అడిగేసేదానివే" అంది.

"అడిగేసేదాన్ని."

"సరే" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యతో స్విచ్ వాయిదా పడిందని మాత్రం చెప్పింది, ఎందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

మర్నాడు పొద్దున పది గంటలకు నది దగ్గరికి వెళ్లాం. ఆమె, నేను, ఇప్పటి జాయింటరు, ఇద్దరు కూలీలు. పాత వంతెన నుంచి మొదలుపెట్టి నేను ఎన్నడూ నడవని ఆ రెండున్నర కిలోమీటర్లు ఒడ్డు వెంబడి నడిచాం. ఆమె ముందు, నేను వెనక. మనుషులు ఆమె చెప్పింది వెంటనే వింటున్నారు. జాయింటరు ఆమెకు గొడుగు పట్టబోతే వద్దంది. నాకెవరూ పట్టబోలేదు. సిగ్గుతో చచ్చి సున్నమైనా కుళ్లు మాత్రం చావలేదు, ఆ గొడుగు వంక చూశాను.

కొత్త వంతెన దగ్గర గొట్టం గోతులకు మూడు మూతలున్నాయి. మొదటి మూత దగ్గర నేను మోకాళ్ల మీద కూర్చుని, కూలీ చేత తీయించి, లోపలికి టార్చి వేసి చూశాను. లోపల గొట్టం ఒకటే, కేబుళ్లు రెండు. వాటి మీద అంకెలు చదివి చెప్పాను. నాన్న వేసిన జాయింటు డబ్బా కూడా కనిపించింది, పొందిగ్గా ఉంది, ఒక్క చుట్టు కూడా వంకర లేదు.

"రాసుకో" అన్నాను. "తూర్పు ఒకటి, పడమర ఒకటి. ఒకే గొట్టం."

ఆమె రిజిస్టరు తెరిచింది. పెన్ను తీసింది. రాయలేదు.

"కాస్త జరుగు" అంది.

జరిగాను. ఆమె రిజిస్టరు నా చేతికిచ్చి, చున్నీ నడుముకు చుట్టుకుని, ఆ మట్టిలోనే బోర్లా పడుకుని తల లోపలికి పెట్టింది. టార్చి అడిగితే ఇచ్చాను. నేను చదివిన అంకెలే మళ్లీ ఒక్కొక్కటి పైకి చదివింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేచి, మోచేతుల మట్టి దులుపుకుని, నా చేతిలోంచి రిజిస్టరు తీసుకుని అప్పుడు రాసింది.

రెండో మూత దగ్గరా అంతే. నేను చూసి చెప్పాను. ఆమె పడుకుని చూసింది. జాయింటరు అడగనే అడిగాడు, "ఒకరు చూశారుగా మేడమ్, బట్టలన్నీ పాడవుతున్నాయి, మళ్లీ మీరెందుకు?"

"ఎవరు సంతకం పెడితే వాళ్లే చూడాలయ్యా" అంది ఆమె.

మూడో మూత దగ్గర నేను అంకెలు చదవలేదు. మూత తీయించి, టార్చి ఆమెకిచ్చి పక్కకు నిలబడ్డాను.

"నువ్వు చూడవా?" అంది.

"నేను చెప్పినా నువ్వు చూస్తావుగా."

"చూస్తాను. నువ్వు కూడా చూడు. ఇద్దరం చూస్తే మంచిది" అంది, నా మొహం చూడకుండా.

నేను వంగాను.